అటక మీది సందూఖ్

గంపలగూడెంలో మా దాదా కట్టిన పెంకుటింట్లో, టేకు దూలాల మీద చెక్కలు పరిచిన ఒక అటక ఉంది. నా చిన్నప్పుడు అమ్మీ అక్కడ చింతపండు కుండలు, పెళ్ళిళ్ళకు వాడే పెద్ద దేగ్‌లు పెట్టేది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత ఆరేళ్ళు ఎవరూ నిచ్చెన వేయలేదు. కిందటి ఏడాది మా బేటీ "అబ్బూ, నేను బొమ్మలు వేసుకోవడానికి ఆ పైగది ఇవ్వరా?" అని అడిగింది. సరే బేటా అన్నాను. పని మొదలుపెట్టమని ఊళ్ళో ఉన్న భతీజాకు ఫోన్‌లో చెప్పాను.

నా తప్పు అక్కడే జరిగింది. నేను ఊరు చేరేసరికి రెండు బస్తాల కాగితాలు తుక్కు బండి ఎక్కేశాయి. "ఏదో అరబ్బీ రాత చాచా, సగం చెదలు పట్టాయి" అన్నాడు వాడు. వాడిని ఏమనగలను? వాడు చదివింది ఇంగ్లీషు మీడియం. అది అరబ్బీ కాదు, ఉర్దూ అని చెప్పగలిగిన వాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. చెప్పాల్సిన వేళకు నేను అక్కడ లేను.

మిగిలింది ఒక ఇనప సందూఖ్. బరువెక్కువని కిందికి దించలేదట. అల్‌హందులిల్లాహ్.

అప్పటి కృష్ణా జిల్లా ఊరి అటక మీదికి ఉర్దూ కాగితాలు ఎలా వచ్చాయో తెలియాలంటే కొంచెం తారీఖ్ చూడాలి. మా ప్రాంతం ఒకప్పుడు కొండపల్లి సర్కార్. దానికే ముస్తఫానగర్ అని ఇంకో పేరు. 1765లో మొఘల్ బాద్షా షా ఆలం ఫర్మానా, మరుసటి ఏడాది నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం, ఈ రెండింటితో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళాయి. గంపలగూడెం జమీందారీ మద్రాసు వైపు ఉండిపోయింది. మధిర వైపు కొంత దూరం వెళితే మాత్రం 1948 దాకా నిజాం రాజ్యమే.

రెండు వైపులా రైతు మాట్లాడేది తెలుగే. కాగితం మాత్రం వేరు. ఇవతల అడంగల్, అవతల పహాణీ. ఇవతల కంపెనీ రూపాయి, అవతల హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిస్తే ఇంచుమించు ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. అవతల కచేరీల్లో మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ నడిచాయి. మా దాదా ఆ వైపు ఒక దఫ్తర్‌లో మొహర్రిర్. పోలీస్ యాక్షన్ తర్వాత దాదీ పుట్టిల్లున్న ఈ వైపుకు వచ్చేశాడు. ఎందుకు వచ్చాడో ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. రజాకార్లకు భయపడి ఎందరో హిందువులు కృష్ణా జిల్లాకు పారిపోయి వచ్చిన రోజులవి. ఆ వెంటనే ఏ రజాకార్‌తోనూ వాస్తా లేని ముసల్మానులు భయపడిన రోజులూ వచ్చాయి. సుందర్‌లాల్ కమిటీ రాసిన రిపోర్టే ఎన్నో దశాబ్దాలు బయటికి రాలేదు. ఇక ఒక మొహర్రిర్ నోరు విప్పుతాడా?

సందూఖ్‌లో ఒక పహాణీ నఖలు, కొన్ని రసీదులు, నాలుగు హాలీ సిక్కాలు, జుజ్‌దాన్‌లో చుట్టిన పాత ఖుర్ఆన్ పారాలు, దాదీ అన్నగారి ఖత్ ఒకటి ఉన్నాయి. ఖత్ మీద తారీఖు ఆబాన్ 1357 ఫస్లీ. మీ ఇళ్ళలో ఇలాంటివి ఉంటే లెక్క ఇది: నిజాం ఫస్లీ ఏడాది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలవుతుంది. మొదటి మూడు నెలలు, అంటే ఆజర్, దయ్, బహ్మన్ అయితే ఇంచుమించుగా 590 కలపాలి. మిగతా తొమ్మిది నెలలకు 591. ఆబాన్ ఆఖరి నెల కాబట్టి 1357 ఆబాన్ అంటే 1948 సెప్టెంబరు. ఆ నెల 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు.

ఖత్‌లో ఉన్నది నాలుగే మాటలు. అందరూ ఖైరియత్. ఇప్పుడు రావద్దు. రాస్తా బాగాలేదు. కాగితాలు జాగ్రత్త. దాదా ఆ ఆఖరి మాటను బతికున్నంతకాలం పాటించాడు. మేం రెండు బస్తాలు పోగొట్టాం.

1972లో యమన్‌లోని సనా నగరంలో జామా మస్జిద్ మరమ్మతు చేస్తుంటే, లోపలి కప్పుకూ పైకప్పుకూ మధ్య పాత తోలు కాగితాల గుట్ట దొరికింది. పనివాళ్ళు వాటిని ఆలుగడ్డల గోనెల్లో కుక్కి పక్కన పడేశారు. పురావస్తు శాఖ పెద్ద ఖాజీ ఇస్మాయీల్ అల్ అక్వా వాటి విలువ గుర్తించాడు. చూస్తే వేల కొద్దీ ఖుర్ఆన్ తునకలు. కొన్ని హిజ్రీ మొదటి శతాబ్దం నాటివి. మనం ఖుర్ఆన్ చిరిగింది అనం, షహీద్ అయింది అంటాం. పారేయకుండా అదబ్‌తో ఎత్తున పెడతాం. ఆ అదబే వాటిని కాపాడింది. చదవగలిగిన ఒక మనిషి సరైన వేళకు రావడం కూడా కాపాడింది. మా ఇంట్లో అదబ్ ఉంది, మనిషే ఆలస్యంగా వచ్చాడు.

సనా ఎండు గాలి వేరు, మా ఊరి అటక వేరు. పెంకుల కింద ఎండాకాలం కొలిమిలా ఉంటుంది, వానాకాలం చెమ్మ, ఎప్పుడూ ఎలకలు, చెదలు. అందుకే కాగితాల్ని అటక మీద ఉంచలేదు. కింద నడిమింట్లో, గోడకు తగలకుండా చెక్క అల్మారా పెట్టి, ఒక్కో కాగితాన్నీ ఫోటో తీసి, నూలు గుడ్డలో చుట్టి దాచాం. మరీ షహీద్ అయిన పారా పుటల్ని ఇమామ్ సాబ్‌ను అడిగి ఖబ్రస్తాన్‌లో ఎవరూ తొక్కని చోట దఫన్ చేశాం.

అటకకు పుచ్చిన చెక్కలు మార్పించాం. దూలాలు దృఢంగానే ఉన్నాయని వడ్రంగి కొట్టి చూసి చెప్పాకే బరువు పెట్టాం. నిచ్చెన బదులు పట్టుకోడానికి కమ్మీ ఉన్న మెట్లు వచ్చాయి. రెండు పెంకులు తీసి అద్దం పెంకులు వేస్తే పగలు లైటు అక్కర్లేదు. గబ్బిలాలు రాకుండా చూరుకు జాలీ కొట్టాం. దేగ్‌లు ఒక మూలకు సర్దాం. వెలుతురు పడే చోట బేటీకి ఒక పొట్టి బల్ల వేశాం.

ఇప్పుడు ఆదివారాలు నేనూ ఆ బల్ల దగ్గర కూర్చుంటాను. వెదురు ఖలం చెక్కి ఇచ్చాను. బొమ్మల మధ్యలో అలిఫ్, బే రాస్తోంది. మొన్న ఖత్ ఫోటో ముందు పెట్టుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "ఖై... రి... యత్" అంది.

భాయియో, బెహనో, అటక దులిపే ముందు తుక్కు బండిని పిలవకండి. ఖాందాన్‌లో ఉర్దూ చదవగల పెద్దాయన ఇంకా ఉంటే ముందు ఆయన్ని పిలవండి.