బెంగుళూరున రాత్రి కొలువు

కర్ణాటకమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొలువనగా పగటి పనియే. పదిగంటలకు కచేరికి పోవుట, చీకటి పడకముందే ఇల్లు చేరుట. ఆ లెక్క తారుమారైన విధమును పెద్దలకు విన్నవించెదను.

1970 ప్రాంతమున అమెరికా కంపెనీలకు కంప్యూటరు పని చేయవలసిన భారతీయుడు తరచు విమానమెక్కి అక్కడికే పోవలసి యుండెను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరున కార్యాలయము తెరచి, పిమ్మట ఉపగ్రహము ద్వారా తన దేశముతో సంబంధము కల్పించుకొనెను. మనిషి ఇచ్చటనే యుండగా అతని పని సముద్రము దాటెను. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ వలన చిన్న కంపెనీలకును ఈ సదుపాయము లభించెను.

అయినను మనవారిపై పరదేశీయులకు గురి కుదిర్చినది, నా తలంపున, ఒక గుమాస్తా అలవాటే. మేము లెడ్జర్లలో 12-3-82 అని వ్రాయుచుంటిమి. శతాబ్దము చదువరికే తెలియునని మా ధీమా. పూర్వము కంప్యూటర్లలో చోటు మిక్కిలి ఖరీదు గనుక ప్రోగ్రాములు వ్రాసినవారును రెండంకెలతోనే సరిపెట్టిరి. యంత్రమునకు గుమాస్తా బుద్ధి లేదు గదా! 2000 సంవత్సరమును 1900గా చదివినచో వడ్డీలు, పింఛనులు, వయస్సులు అన్నియు తలక్రిందులగును. కోబాల్ భాషలోని పాత ప్రోగ్రాములను పంక్తి పంక్తిగా సరిచూడవలసి వచ్చెను. అది ప్రతిభకన్న ఓపికకు పరీక్ష. ఆ పరీక్షలో మన యువకులు నెగ్గిరి.

తరువాత జమాఖర్చులు, భీమా కాగితములు, టెలిఫోను జవాబులు సైతము ఇచ్చటికి గుత్తకు వచ్చినవి. దీనికే ఔట్‌సోర్సింగు అని పేరు. న్యూయార్కులో ఉదయము పది అయినపుడు ఇచ్చట రాత్రి ఏడున్నర. నవంబరులో వారు గడియారము గంట వెనుకకు త్రిప్పగానే ఎనిమిదిన్నర. అక్కడ ముల్లు కదలిన, ఇచ్చట మన భోజనవేళ కదలును.

జీతములు మంచివే. ఆడపిల్లలును మగవారివలె సంపాదించిరి, ఇండ్లు కట్టిరి. కాని టెలిఫోను కొలువులలో పలువురికి పరదేశపు పేరొకటి తగిలించి, యాస నేర్పిరి. వీధిలో కన్నడము, కచేరిలో ఇంగ్లీషు మాటాడియు ఇన్ని తరములు ఇంటిపేరు విడువని మనకు ఇది క్రొత్త.

2020లో కరోనా వచ్చి కచేరినే ఇంటిలోనికి తెచ్చెను. తాతమ్మలు మనుమలకు తెలుగు కథలు చెప్పు వేళకే ప్రక్కగదిలో అమెరికావారితో సమావేశము. పిల్లలను మెల్లగా మాటాడుమందురు. ఉగాదికి అమెరికాలో సెలవు లేదు గనుక, మా వీధిలో పంచాంగ శ్రవణము సాయంకాలము మాని ఉదయముననే కానిచ్చుచున్నారు.