నీటి శుద్ధి బిళ్ళలు

బావి, చెరువు, ఏటి నీటిలోని రోగక్రిములను చంపి, ఆ నీటిని తాగడానికి పనికివచ్చేట్లు చేసే రసాయనిక మాత్రలు. వీటిలో క్లోరిన్‌ను గాని అయొడిన్‌ను గాని విడుదల చేసేవే ఎక్కువ. సైనికులు, విమాన చోదకులు, పర్వతారోహకులు వెంట ఉంచుకునే ఎమర్జెన్సీ కిట్లలోనూ, వరద సహాయ సామగ్రిలోనూ ఇవి ఉంటాయి. తెలుగునాట జనం వీటిని క్లోరిన్ బిళ్ళలు అంటారు.

పూర్వరంగం: బురద నీటిని తేర్చడం మన దేశంలో పాత విద్య. సుశ్రుత సంహిత చెప్పిన కతకం మన చిల్లగింజే. దాన్ని కుండ లోపల అరగదీస్తే మట్టి అడుగుకు దిగుతుంది. అయితే తేరిన నీటిలోనూ క్రిములు ఉంటాయి. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొన్నాక క్రిములను చంపే మందు కోసం వెతుకులాట ముమ్మరమైంది.

తొలి బిళ్ళలు: 1899–1902 నాటి బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తుపాకీ గుళ్ళకంటే జబ్బులకే ఎక్కువమందిని పోగొట్టుకుంది. ఆ జబ్బుల్లో ముఖ్యమైనది టైఫాయిడ్. ఆ రోజుల్లోనే పార్క్స్, రిడియల్ అనే ఇద్దరు సోడియం బైసల్ఫేట్ బిళ్ళను సూచించారు. అది ఆమ్లం కావడంతో నీళ్ళు పుల్లబడేవి, లోహపు సీసాలకు పడేది కాదు. ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసిన విన్సెంట్ నెస్ఫీల్డ్ 1903లో ఇంకో దారి చూపాడు. ఆయన పద్ధతిలో మొదటి బిళ్ళలు నీటిలో అయొడిన్‌ను పుట్టిస్తాయి. అది క్రిములను చంపాక, సోడియం సల్ఫైట్ బిళ్ళ వేస్తే అయొడిన్ రంగూ రుచీ పోతాయి. చంపడానికి ఒక మందు, దాని రుచి పోగొట్టడానికి మరొక మందు అన్న ఈ చక్కని ఆలోచన అర్ధ శతాబ్దం తర్వాత కూడా అక్కరకు వచ్చింది.

హాలజోన్: మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద దళాలకు బ్లీచింగ్ పౌడరే ఆధారం. ఎంత నీటికి ఎంత పౌడరు వేయాలో తేల్చడానికి విలియం హారక్స్ రూపొందించిన పరీక్షను మన వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. అమెరికన్ సైన్యంలో విలియం లిస్టర్ పేరిట గుడ్డ సంచి వాడుకలోకి వచ్చింది. చెట్టుకో, గుంజలకో వేలాడదీసి నీళ్ళు నింపి మందు కలిపేవారు. దళానికి దూరమై ఒంటరిగా మిగిలిన సిపాయికి మాత్రం సంచీ లేదు, పరీక్షా లేదు.

ఆ లోటు తీర్చినవాడు హెన్రీ డ్రైస్డేల్ డేకిన్ (1880–1952). లండన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఈ రసాయన శాస్త్రవేత్త యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని కాంపియేన్ ఆసుపత్రిలో అలెక్సిస్ కారెల్‌తో కలిసి పుండ్లు కడిగే ద్రవాన్ని తయారుచేశాడు. డేకిన్ ద్రావణంగా దానికి ఎక్కువ పేరు వచ్చింది. ఆక్విటానియా అనే ఆసుపత్రి ఓడలో సముద్రపు నీటికే విద్యుత్తు పంపి క్రిమినాశిని తీసిన ఘనత కూడా ఆయనదే. 1917లో ఎడ్వర్డ్ డన్హామ్‌తో కలిసి ప్రకటించిన, క్లోరిన్‌ను విడుదల చేసే హాలజోన్ బిళ్ళ దాదాపు మూడు దశాబ్దాలు ఈ రంగాన్ని ఏలింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బిళ్ళ నిజంగా జేబులోకి చేరింది. శత్రుదేశంలో కూలిన విమానం నుంచి బయటపడిన వైమానికుల కోసం బ్రిటిష్ రహస్య శాఖ ఎం.ఐ.9 తరఫున క్రిస్టఫర్ క్లేటన్ హటన్ ఒక పెట్టె తయారు చేయించాడు. మొదట్లో అది బల్లపరుపు సిగరెట్ డబ్బాయే. అందులో హార్లిక్స్ బిళ్ళలు, నిద్ర ఆపే బెంజెడ్రిన్ మాత్రలు, దిక్సూచి, మడిచిపెట్టిన రబ్బరు నీళ్ళసంచి, వీటితోపాటు హాలజోన్. వాగులో సంచి నింపి, బిళ్ళ వేసి, కరిగాక అరగంట ఆగి తాగాలి. అమెరికన్ సైనికులకు నూరు బిళ్ళల గోధుమరంగు గాజు సీసా ఇచ్చేవారు. ఒక్కో బిళ్ళలో 4 మిల్లీగ్రాముల హాలజోన్ ఉండేది. క్యాంటీన్‌కు రెండు బిళ్ళలు. మూత తీసిన కొద్ది రోజుల్లోనే మందు సత్తువ పోవడం దీని పెద్ద లోపం.

అయొడిన్ మళ్ళీ: విరేచనాలు పుట్టించే అమీబా కోశాలు హాలజోన్‌కు సరిగా లొంగకపోవడం రెండో లోపం. హార్వర్డ్‌లో గోర్డన్ ఫెయిర్, షి లు చాంగ్, కారల్ మోరిస్ యుద్ధకాలంలో మొదలుపెట్టిన పరిశోధన ఫలితంగా గ్లోబలీన్ బిళ్ళ వచ్చింది. అది ఒక్కో బిళ్ళకు 8 మిల్లీగ్రాముల అయొడిన్‌ను ఇస్తుంది. రుచి పోగొట్టడానికి నెస్ఫీల్డ్ సల్ఫైట్ స్థానంలో ఇప్పుడు విటమిన్ సి బిళ్ళ వాడతారు. అయొడిన్ పని పూర్తికాక ముందే దాన్ని వేస్తే మందు వృథా. థైరాయిడ్ జబ్బులున్నవారికీ గర్భిణులకూ అయొడిన్ నీళ్ళు తగవు. ఐరోపా సమాఖ్య 2009లో తాగునీటి శుద్ధికి అయొడిన్ అమ్మకాన్ని ఆపివేసింది.

ఇటీవలి కాలం: నేడు సహాయ సంస్థలు పంచేవి చాలావరకు సోడియం డైక్లోరో ఐసోసయనురేట్ బిళ్ళలు. ఐర్లండ్‌లో పుట్టిన ఆక్వాట్యాబ్స్ ఈ రకమే. రేకు పొరలో ఒక్కొక్కటి విడిగా ఉంటుంది కాబట్టి హాలజోన్ సీసాకు వచ్చిన చిక్కు దీనికి లేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన అర గ్రాము క్లోరిన్ బిళ్ళ 20 లీటర్లకు, అంటే ఇంచుమించు ఒక పెద్ద బిందెకు, సరిపోతుంది. గోదావరి, కృష్ణా వరదలప్పుడు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు పంచుతారు. నీళ్ళు మందు వాసన కొడుతున్నాయని పారబోసే ఇళ్ళు ఉంటాయి. ఆ కాస్త వాసనే నీటిలో క్లోరిన్ మిగిలి ఉందనడానికి గుర్తు.

పంచినంత మాత్రాన వాడకం జరగదని 2009–10లో నేపాల్, ఇండోనేషియా, కెన్యా, హైతీలలో లాంటేన్, క్లాసెన్ జరిపిన విలువైన అధ్యయనం చూపింది. నీటి శుద్ధి సరంజామా అందుకున్న ఇళ్ళలో అది నిజంగా ఫలితమిచ్చినవి కొన్నిచోట్ల సున్నా, మరికొన్నిచోట్ల మూడింట రెండు వంతులు. హైతీలో ఆ కాలంలో వచ్చిన భూకంపానికి ముందే బిళ్ళలు అలవాటైన కుటుంబాలలో ఫలితం బాగుంది.

పరిమితులు: మురికి ఎక్కువైతే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. అందుకే ముందు నీటిని గుడ్డతో వడగట్టాలి లేదా తేర్చాలి. చన్నీళ్ళలో మందు నెమ్మదిగా పనిచేస్తుంది. 1993లో అమెరికాలోని మిల్వాకీలో దాదాపు నాలుగు లక్షలమందిని జబ్బుపరచిన క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్‌కు చావదు. దానికి క్లోరిన్ డయాక్సైడ్ బిళ్ళ కావాలి, నాలుగు గంటలు ఆగాలి. ఉప్పు, ఆర్సెనిక్, నల్లగొండను పీడించిన ఫ్లోరైడ్ ఏ బిళ్ళకూ పోవు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్లతో నీరి రూపొందించిన నల్లగొండ పద్ధతి వేరు.