ఎండాకాలం నిద్ర: మన డ్యూటీ టైముల వెనక చరిత్ర

జూన్ వచ్చిందంటే మన క్యాంపుల్లో తెల్లవారుజామున మూడింటికే అలారాలు మోగుతాయి. రూములో ఆరుగురుంటే ఆరు ఫోన్లు, ఆరు టైములు. అప్పుడే ఊర్లో మృగశిర కార్తె, విత్తనాల ఖర్చు, పిల్లల స్కూల్ ఫీజులు, మిత్తి కట్టే గడువు. ఒళ్లు అలసిపోయినా కన్ను మూత పడదు. ఇదేదో మన ఒంట్లో లోపం అనుకుంటాం. కాదు, దీనికీ ఒక చరిత్ర ఉంది.

పనికి 8 గంటలు, సొంతానికి 8, విశ్రాంతికి 8 అని రోజును పంచాలనే మాట ఇంగ్లండులో రాబర్ట్ ఓవెన్ 1817లోనే చెప్పాడు. దాన్ని చేసి చూపించిన తొలి జనాల్లో మనలాంటి కట్టడం పనివాళ్లున్నారు. 1856 ఏప్రిల్ 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో యూనివర్సిటీ బిల్డింగు కడుతున్న రాతిమేస్త్రీలు పని ఆపేసి పార్లమెంటు దాకా ఊరేగింపుగా పోయారు. ఈ ఎండల్లో అన్ని గంటలు పని చేయలేమనేది వాళ్ల వాదనల్లో ఒకటి. కూలి తగ్గకుండానే 8 గంటల పని సాధించుకున్నారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందం కూడా రోజుకు 8, వారానికి 48 గంటల గురించే.

మనవాళ్ల కథ 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత ఊపందుకుంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, కోనసీమ నుంచి గల్ఫ్ బాట పట్టారు. మధ్యాహ్నం ఎండలోనూ పని ఆగేది కాదని ఆ తరం పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

ఎమిరేట్స్‌లో 2005లో, మేముండే ఖతార్‌లో 2007లో మధ్యాహ్నం విరామం రూలు వచ్చింది. ఇక్కడ మొదట జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పదకొండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట పని నిషేధం. 2021లో దాన్ని పెంచారు. ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పొద్దున పది నుంచి మూడున్నర దాకా. వేడి, ఉక్క కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ టైములోనైనా పని ఆపాల్సిందే. ఇది ప్రాణాలు కాపాడే రూలు, అందులో అనుమానం లేదు.

కానీ ఎండలో తగ్గిన గంటలు తెల్లవారుజాముకీ సాయంత్రానికీ జరిగాయి. ఐదింటికి సైటులో ఉండాలంటే మూడింటికి లేవాలి. సాయంత్రం ఏడింటికి క్యాంపుకొచ్చి, వండుకొని, తిని పడుకునేసరికి పది. రాత్రికి ఐదు గంటలు, మధ్యాహ్నం కుదిరితే ఒక కునుకు. నిద్ర రెండు ముక్కలైంది. నిద్ర పట్టాలంటే ఒళ్లు కొంచెం చల్లబడాలి. ఏసీ సరిగా లేని రూములో అదీ జరగదు. 2014 నుంచి 2016 వరకు రంజాన్ కూడా జూన్‌లోనే మొదలైంది. ఆ నెలలో చట్ట ప్రకారం పని 6 గంటలే. అయినా సహరికి లేచే తమ్ముళ్లు, డ్యూటీకి లేచే మేము, ఒక్క రూములో ఎవరికీ పూర్తి నిద్ర లేదు.

ఒక ఎండాకాలం మా సైటులో ఒక అన్న స్కాఫోల్డింగ్ మీదే తూగాడు. బెల్టు హుక్కు తగిలించి ఉంది కాబట్టి బతికాడు. "రాత్రి ఇంటి నుంచి ఫోనొచ్చింది, ఇంక నిద్ర పట్టలే" అన్నాడు. సూపర్‌వైజర్లుగా మేము హెల్మెట్ చూశాం, బూట్లు చూశాం. నిద్రపోయావా అని అడగలేదు. తప్పు మాదే.

అప్పటి నుంచి పొద్దున మీటింగులో అదే మొదటి ప్రశ్న. సరిగా నిద్ర లేదన్నవాళ్లను ఆ రోజు ఎత్తు మీదికి పంపం, హాజరూ కోయం. రూముల్లో ఒకే టైములో లేచేవాళ్లను ఒకచోట వేయమని క్యాంపు బాస్‌ను అడిగి ఒప్పించాం. ఇంటివాళ్లకూ ఒక మాట చెప్పాం: మన ఏడున్నర అంటే ఊర్లో రాత్రి పది. అప్పుల ముచ్చట్లు ఆ టైముకు వద్దు, శుక్రవారం మాట్లాడుకుందాం అని.

నూట అరవై ఏళ్లకు పైగా పని గంటలు లెక్కపెడుతూ వచ్చారు. నిద్ర గంటలు మాత్రం ఇంకా ఎవరి రిజిస్టర్‌లోనూ లేవు. ఆ లెక్క మన రూముల్లో మనమే మొదలుపెట్టాలి.