నవంబరులో రెండు దినాలు

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. నేటాలు చెరుకు తోటలకు మన పెద్దల రాక ఆ దినంతో మొదలు.

ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన బాంటింగు పుట్టినది నవంబరు 14. 1991 నుండి అది ప్రపంచ మధుమేహ దినం. చెరుకు నరికినవారి సంతతిలో నేడు చక్కెర వ్యాధి ఎక్కువ. మా నాన్నగారికి ఉండేది, నాకూ ఉన్నది.

మన పంచాంగంలోనూ ఆరోగ్య దినాలున్నవి. ఉగాదికి వేపపువ్వు పచ్చడి, ఏకాదశికి ఉపవాసం, కార్తీకంలో ఒంటిపూట భోజనం. మనం అరిసెలు నిలుపుకొన్నాము, ఉపవాసాలు మరచినాము. మందు వాడేవారు మాత్రం డాక్టరు నడిగే ఉపవాసముండాలి.

పిల్లలారా, 14న అమ్మానాన్నలకు రక్తపరీక్ష చేయించండి. 16న పెద్దలను తలచి దీపం పెట్టండి.