రన్‌వే మీద పుట్టిన బండి

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటే ఒక పేట. అద్దె ఫ్లాట్లు, కిరాణా కొట్లు, సాయంత్రమైతే మన దేశపు వంటల వాసనలు. పేటను ఆనుకునే పాత దోహా విమానాశ్రయం ఉంది. 2014 మే నెలలో విమాన సర్వీసులు హమద్ విమానాశ్రయానికి తరలిపోయాయి గానీ, 4,570 మీటర్ల రన్‌వే అక్కడే ఉంది. డ్రాగ్ రేసుకు కావలసింది పావు మైలు, అంటే 402 మీటర్లు. ఈ ఒక్క రన్‌వే మీద అలాంటి పందేలు పదకొండు వరుసగా పడతాయి. ఈ లెక్క ఊరికే వేసింది కాదు. డ్రాగ్ రేసు బైకుకు పురుడు పోసింది ఇలాంటి నేలే.

అంతకు ముందు కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిపోయిన చెరువుల్లో బళ్లు తోలేవారు. అక్కడ చోటుకు కొదవ లేదు. మైళ్ల దూరం పరుగు తీసి, చివర్లో ఎంత వేగం అందుకున్నావన్నదే లెక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆట ఊళ్ల దగ్గరి విమానాశ్రయాలకు వచ్చింది. రన్‌వే గట్టిది, తిన్ననిది, కానీ పొట్టిది. దాంతో ప్రశ్నే మారిపోయింది: ఎంత వేగం అని కాదు, ఆ చివరకు ముందెవరు చేరారు అని. అందుకు వేగంగా పోగలిగే బండి చాలదు, నిలబడ్డ చోటునుంచి విరుచుకుపడే బండి కావాలి.

1950లో సి.జె. హార్ట్ అనే ఆయన, మరో ఇద్దరితో కలిసి, శాంటా ఆనా విమానాశ్రయంలో వాడుకలో లేని రన్‌వే మీద ఆదివారం పందేలు మొదలుపెట్టాడు. టికెట్టు పెట్టి నడిపిన తొలి డ్రాగ్ స్ట్రిప్పుగా దానికి పేరు. అక్కడ మొదట్లో కార్లవాళ్లను కంగు తినిపించింది ఒక హార్లే డేవిడ్సన్. పేరు ‘ది బీస్ట్’. కట్టినవాడు చెట్ హెర్బర్ట్. పోలియో సోకి చక్రాల కుర్చీలో ఉండి ఆ యంత్రాన్ని తీర్చిదిద్దాడు. తోలినవాడు ఆల్ కీస్. పావు మైలు చివర్లో బండి గంటకు 190 కిలోమీటర్లు దాటింది. తాను ఎక్కలేని బండికి అంత ఊపు పోసిన ఆ చేతుల్ని ఈ చరిత్రలో ముందు తలుచుకోవాలి.

ఆ తర్వాత పాతికేళ్లూ ఇంజన్ల మోజు. ఒకటి చాలకపోతే రెండు, రెండూ చాలకపోతే మూడు. 1970లలో రస్ కాలిన్స్ మూడు హోండా సీబీ 750 ఇంజన్లను ఒకే చట్రంలో బిగించాడు. దాని మీద పడి ఒళ్లు హూనం చేసుకున్నా ఊరుకోలేదు. రెండు ఇంజన్లతో ‘సోర్సెరర్’ కట్టి, పావు మైలును 7.30 సెకన్లలో దాటాడు.

ఇంజన్లు పేర్చడం పెద్దవాళ్ల ఆట. ఇంటి షెడ్డులో పని చేసుకునే మామూలు ఔత్సాహికుడికి అసలు చిక్కు వేరే: ఉన్న బలాన్ని నేలకు దించడం ఎలా? థ్రాటిల్ తిప్పగానే బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం లేస్తుంది. అందుకే వెనక స్వింగ్ ఆర్మ్‌ను ఆరు నుంచి పన్నెండు అంగుళాలు సాగదీస్తారు. ముందు ఫోర్కులను పట్టీతో కిందికి లాగి కట్టేస్తారు. బండి నేలబారుగా, మొసలిలా సాగుతుంది. గేరు మార్చేటప్పుడు పోయే క్షణం కోసం ఎయిర్ షిఫ్టర్: మీట నొక్కితే, ఇంజన్ ఒక్క లిప్త ఆగి, అదిమిపెట్టిన గాలి గేరును తోసేస్తుంది. ఆ గాలిని సాగదీసిన స్వింగ్ ఆర్మ్ గొట్టంలోనే నింపుకొనే బళ్లూ ఉన్నాయి. ఒక లోపాన్ని సరిదిద్దిన ముక్కే ఇంకో పనికి గాదె కావడం చూస్తే ముచ్చటేస్తుంది. వెనక పెద్ద స్ప్రాకెట్, మెత్తటి వెడల్పు టైరు, వేగం పెరిగేకొద్దీ ప్లేట్లను మరింత బిగించే లాకప్ క్లచ్ – ఇవన్నీ కుదిరాకే ఇంజన్ జోలికి వెళ్లాలి. చాలామంది తలకిందులుగా మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకుంటారు.

మన వైపు ఈ చదువు యమహా ఆర్ఎక్స్ 100తో వచ్చింది. 1985లో వచ్చిన ఆ 98 సీసీ టూ స్ట్రోక్ బండి పోర్టులు రుద్దించి, సైలెన్సర్ మార్పించని ఊరు తెలుగునాట అరుదు. నిజానికి టూ స్ట్రోక్ బలమంతా సైలెన్సర్ ఆకారంలోనే ఉంది. ఉబ్బి, మళ్లీ సన్నబడే గొట్టంలో పొగ అల వెనక్కి తిరిగొచ్చి, బయటికి జారిపోబోయే పచ్చి పెట్రోలును సిలిండర్‌లోకి నెడుతుంది. 1950లలో తూర్పు జర్మనీ ఎమ్‌జెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ దీన్ని రేసుల్లో సాధించి చూపాడు. 1961లో ఆ కంపెనీ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి, ఆ విద్యను జపాన్‌లోని సుజుకీకి చేర్చాడు.

మనకూ ఒక పాత విమానాల నేల ఉంది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే జాతీయ రహదారి దాపున షోళవరంలో, యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు పందేలు నడిపింది. 1990లో క్లబ్బు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. జాతీయ డ్రాగ్ పోటీలు ఇప్పుడక్కడే జరుగుతాయి. బెంగళూరు రేసరు హేమంత్ ముద్దప్ప సుజుకీ హయబూసాతో గెలిచిన టైటిళ్లు ఆ ట్రాకువే.

ఖతర్‌లోనూ ఈ ఆటకు సొంత స్ట్రిప్పు ఉంది. ఇండస్ట్రియల్ ఏరియా దగ్గరి ఖతర్ రేసింగ్ క్లబ్ వెనక ఉన్నది షేక్ ఖాలిద్ బిన్ హమద్ అల్ థానీ. ఆయన జట్టు ‘అల్ అనాబీ’ పేరుకు అర్థం ముదురెరుపు, ఖతర్ జెండా రంగు. ఆ జట్టు అమెరికాకు వెళ్లి, కార్ల డ్రాగ్ రేసుల్లో అన్నిటికంటే వేగవంతమైన టాప్ ఫ్యూయల్ విభాగంలో 2010, 2011, 2013 సంవత్సరాల్లో ఛాంపియన్‌షిప్ గెలిచి వచ్చింది. దోహా స్ట్రిప్పు మీద కార్లతోపాటు బైకులూ దిగుతాయి. గీత దగ్గరికి రాకముందే ప్రతి బండీ నీళ్లు చల్లిన చోట వెనక టైరును తెల్లటి పొగ లేచేదాకా గిరగిరా తిప్పి వేడెక్కిస్తుంది; ఆ వేడి రబ్బరు నేలను పట్టుకుంటేనే, తర్వాతి ఏడెనిమిది సెకన్లు చేతికి దక్కుతాయి.