పాత ఫోన్ కొంటున్నారా? బేరానికి ముందే ఐఎంఈఐ చూడండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ మరీ చవగ్గా ఇస్తామంటే సంబరపడొద్దు, అనుమానించాలి. దొంగ ఫోనైతే బ్లాక్ అయిపోవచ్చు. డబ్బు పోవడమే కాదు, పోలీసులకు జవాబు కూడా చెప్పుకోవాలి.

ఫోన్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కొంచెం ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ లేదా డూప్లికేట్ అని వస్తే కొనకండి.

అంతా సరిగ్గా ఉంటేనే బేరం. బ్యాటరీ, స్క్రీన్ మార్చడానికి ఎంతవుతుందో రిపేరు షాపులో కనుక్కుని, అంతమేర తగ్గించమనండి. అసలు బిల్లు, ఐఎంఈఐ రాసి సంతకం చేసిన రసీదు తీసుకోండి. ఫోన్ చేతికి రాకముందే అడ్వాన్స్ పంపొద్దు.

అమ్మేవాళ్లకూ ఒక మాట: మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే అది మోసమే.