హంసపాదును లంకెయును

తాళపత్రములు వ్రాయునపుడు అక్షరములు జాఱినచో లేఖకుఁడు ఆ చోటనే హంసపాదు నుంచి, జాఱినదానిని అంచున వ్రాయుచుండెను. గుఱుతు చోటు తప్పెనేని యర్థమే మాఱును. 1989లో టిమ్ బర్నర్స్ లీ ప్రతిపాదించిన ప్రపంచవ్యాప్త జాలమునందలి లంకెకును ఈ నియమమే వర్తించును.

“దాచేపల్లి మీఁదుగాఁ బాఱు నాగులేటి యొడ్డుననే, కారెంపూడిలో, 1182 ప్రాంతమునఁ బల్నాటియుద్ధము జరిగెను” అను వాక్యమును జూడుఁడు. ఊరిపేరునకుఁ బటమును, సంవత్సరమునకు ఆధారమును వేఱువేఱుగా లంకెలు కావలెను. వాక్యమునకంతకును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిన శ్రీనాథుని పల్నాటివీరచరిత్రకే ముడివైచినచో, యుద్ధమునకు రెండుశతాబ్దులకుఁ బిమ్మటఁ బుట్టిన కావ్యమే కాలనిర్ణయమునకు సాక్ష్యమని చదువరి భ్రమించును. కావున లంకె సందేహము పుట్టు మాటపైననే యుండవలెను. కథకును నిదర్శనమునకును గల భేదము అందుచేతనే నిలుచును.